గ్రౌండ్ ప్లేన్ ఒక్కటిగా ఉంచాలా, చీల్చాలా? ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎలా పోయాలి?

గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ కోసం నేను చేసిన మొదటి కంట్రోల్ బోర్డు రాత్రంతా టకటకలాడుతూనే ఉండేది. లోపల వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలవాలి. ఎల్ఎం35 సెన్సర్ వేడిని కొలుస్తుంది, ఏడీఎస్1115 అనే ఏడీసీ చిప్ దాన్ని అంకెగా మారుస్తుంది. వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్ ఈఎస్‌పీ32 మాడ్యూల్ ఆ అంకె చూసి రిలే వేస్తుంది, రిలే 230 వోల్టుల బల్బు వెలిగిస్తుంది. ఇంతే పని. కానీ రిలే పడీపడగానే సెన్సర్ అంకె 0.7 డిగ్రీలు పైకి ఎగిరేది. వేడెక్కిపోయిందనుకుని ప్రోగ్రాం రిలేని ఆపేది. ఆపగానే అంకె దిగేది, మళ్లీ రిలే పడేది. ప్రోగ్రాంలో తప్పుందని రెండు రోజులు వెతికాను. తప్పు రాగిలో ఉంది.

ఆ బోర్డులో గ్రౌండ్‌ని, అంటే కరెంటు తిరిగొచ్చే ఉమ్మడి దారిని, కూడా మిగతా వైర్లలాగే ఒక ట్రాక్‌గా గీశాను. వెడల్పు 0.25 మిల్లీమీటర్లు, పొడవు 50. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. ఆ మందంలో చదరం చిన్నదైనా పెద్దదైనా ఒక అంచు నుంచి ఎదుటి అంచుకి నిరోధం దాదాపు అర మిల్లీ ఓమ్. నా ట్రాకులో అలాంటి చదరాలు వరుసగా 200 ఉన్నాయి, అంటే 0.1 ఓమ్. 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ 70 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. గుణిస్తే 7 మిల్లీ వోల్టులు. ఎల్ఎం35 డిగ్రీకి 10 మిల్లీ వోల్టులు ఇస్తుంది కాబట్టి అది సరిగ్గా 0.7 డిగ్రీ. సెన్సర్ గ్రౌండ్ కాలుని ఆ ట్రాకుకి రిలే వైపు చివర కలిపాను, ఏడీసీ గ్రౌండ్ కాలుని పవర్ జాక్ వైపు చివర. రిలే పడ్డప్పుడల్లా సెన్సర్ నిలబడ్డ నేలే 7 మిల్లీ వోల్టులు పైకి లేస్తోంది.

వైఫై పంపేటప్పుడు ఈఎస్‌పీ32 లాగే కరెంటు దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. 300 మిల్లీ ఆంపియర్లనుకున్నా ఆ ట్రాక్ మీద 30 మిల్లీ వోల్టులు, 3 డిగ్రీలు. అదే చోట ఒక వైపంతా రాగి పరిచి ఉంటే (దాన్నే గ్రౌండ్ ప్లేన్ అంటారు) ఆ దారి రెండు మూడు చదరాలకి మించదు, తేడా మిల్లీ వోల్టుకి లోపే. గ్రౌండ్‌ని ట్రాక్‌గా గీయాలా, ప్లేన్‌గా పరవాలా అన్న ప్రశ్న నా వరకు ఈ లెక్కతోనే తీరిపోయింది. అసలు ఎంపికలు అక్కణ్ణుంచి మొదలవుతాయి: ఆ ప్లేన్ ఒక్కటా రెండా, బోర్డులో రాగి పొరలు (లేయర్లు) రెండా నాలుగా, సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్ధతిలో పోయాలి, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి.

ఒకటా, రెండా?

రెండో బోర్డులో తెలివి ఎక్కువైంది. "అనలాగ్ గ్రౌండ్ వేరు, డిజిటల్ గ్రౌండ్ వేరు" అని ఎక్కడో చదివి, ప్లేన్‌ని నిలువునా చీల్చి, ఒక మూల జీరో ఓమ్ రెసిస్టర్‌తో కలిపాను. చూడ్డానికి చాలా పద్ధతిగా ఉంది. టకటక ఆగింది. కానీ రిలే ఆగినప్పుడల్లా కాకపోయినా, రోజుకో రెండుసార్లు ఏడీసీ పలకడం మానేసేది.

కారణం వెతికితే, ఏడీసీ, ఈఎస్‌పీ32 మాట్లాడుకునే ఐ2సీ లైన్లు రెండూ ఆ చీలిక మీదుగా దాటుతున్నాయి. కరెంటు వెళ్లడం ఒక్కటే మనకి స్క్రీన్ మీద కనబడుతుంది, తిరిగి రావడం కనబడదు. డీసీ అయితే తిరుగు కరెంటు నిరోధం తక్కువున్న దారుల్లో విచ్చలవిడిగా పరుచుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ, కొన్ని వందల కిలోహెర్ట్జ్ దాటాక, అది సిగ్నల్ ట్రాకు కిందే నీడలా వెనక్కి వస్తుంది. ఐ2సీ క్లాక్ చూస్తే నెమ్మదే, కానీ దాని అంచులు నిటారుగా ఉంటాయి, లెక్కలోకి వచ్చేది ఆ అంచులే. పొలానికి అడ్డంగా కాలువ తవ్వి తూము మాత్రం ఊరి చివర పెట్టినట్టు, నా తిరుగు కరెంటు ఆ మూలనున్న జీరో ఓమ్ దాకా నడిచి రావాల్సి వచ్చింది. అంత పెద్ద చుట్టు దగ్గర్లో పుట్టే ప్రతి కుదుపునీ పట్టుకుంటుంది.

మూడో బోర్డులో చీలిక తీసేసి ఒక్కటే ప్లేన్ ఉంచాను. భాగాలు అమర్చే పద్ధతి మార్చాను: పవర్ జాక్, రిలే ఒక చివర పక్కపక్కన, సెన్సర్, ఏడీసీ రెండో చివర, మాడ్యూల్ మధ్యలో. రిలే కరెంటు జాక్ దగ్గర పుట్టి జాక్ దగ్గరే తిరిగిపోతుంది, సెన్సర్ వైపు రావడానికి దానికి పనేమీ లేదు. చీలిక చేస్తుందనుకున్న పని అమరికే చేసింది.

అందుకే నా సలహా ఇలా ఉంటుంది. ఒకే బోర్డు మీద సెన్సర్లు, మైక్రోకంట్రోలర్, చిన్న రిలేలు ఉంటే ప్లేన్ చీల్చకండి. ఏడీసీ చిప్‌కి అనలాగ్ గ్రౌండ్ అనీ డిజిటల్ గ్రౌండ్ అనీ రెండు కాళ్లున్నా, మామూలుగా రెంటినీ అదే ప్లేన్‌కి దగ్గర్లోనే దించేయండి. ఆ పేర్లు చిప్ లోపలి సంగతి చెబుతాయి, మీ బోర్డుని రెండు చేయమని కాదు. నిజంగా వేరు చేయాల్సింది ఐసోలేషన్ ఉన్నచోట, అంటే రెండు వైపుల మధ్య తీగ సంబంధమే ఉండకూడని చోట. 230 వోల్టుల వైపుకీ తక్కువ వోల్టేజీ వైపుకీ మధ్య ఆప్టోకప్లర్ (సంకేతాన్ని కాంతితో దాటించే చిప్) ఉంటే, దాని రెండు వరుసల కాళ్ల మధ్య రాగి అనేదే ఉండకూడదు, ఏ లేయర్‌లోనూ. అక్కడ జీరో ఓమ్ వంతెన పెడితే ప్రాణాలతో చెలగాటమే. పదుల ఆంపియర్ల మోటారు డ్రైవర్ పక్కనే సున్నితమైన కొలత ఉండి, అమరికతో దూరం చేయడం కుదరనప్పుడు కూడా చీల్చే ఆలోచన చేయొచ్చు. అప్పుడైనా ఒక నియమం: ఏ ట్రాకూ చీలికని దాటకూడదు. దాటక తప్పకపోతే రెండు ప్లేన్లు కలిసే వంతెన మీదుగానే దాటాలి.

రెండు లేయర్లా, నాలుగా?

ట్రాకుకీ కింద ప్లేన్‌కీ మధ్య ఎడం ఎంతో, తిరుగు కరెంటు అంత వెడల్పున పరుచుకుంటుంది. ఆ ఎడానికి మూడు రెట్ల దూరం ఎడమకీ, మూడు రెట్లు కుడికీ తీసుకుంటే దాదాపు 80 శాతం కరెంటు ఆ పట్టీలోనే ఉంటుంది. 1.6 మిల్లీమీటర్ల రెండు లేయర్ల బోర్డులో ఎడం సుమారు 1.5 మిల్లీమీటర్లు కాబట్టి పట్టీ అటూ ఇటూ 4.5 మిల్లీమీటర్లు. నాలుగు లేయర్ల బోర్డులో పై లేయర్‌కీ దాని కింది ప్లేన్‌కీ మధ్య తరచు 0.2 మిల్లీమీటర్లే. పట్టీ 0.6కి ముడుచుకుంటుంది. పక్క ట్రాకు మీద పడే గోల కూడా అంతకంత తగ్గుతుంది.

రెండో తేడా ఇంతకన్నా పెద్దది. రెండు లేయర్ల బోర్డులో కింది వైపు ప్లేన్ అని పేరుకే ఉంటుంది. పైన దారి దొరకని ప్రతి ట్రాకూ కిందికి దిగి దాన్ని కోస్తుంది. నాలుగింటిలో లోపలి ప్లేన్ జోలికి ఎవరూ వెళ్లరు.

నా ఇంక్యుబేటర్ బోర్డుకి రెండు చాలు. ట్రాకులన్నీ పైనే నడిపి, దాటక తప్పని చోట కింద ఓ 5 మిల్లీమీటర్లు దూకి మళ్లీ పైకి వచ్చేయాలి. రాగిలో చిన్న చిన్న గాట్లు పడతాయి, కాలువలు మాత్రం పడవు. ఈథర్నెట్, వేగంగా నడిచే యూఎస్‌బీ, విడి మెమరీ చిప్ లాంటివి వస్తే డబ్బు చూసుకోకుండా నాలుగుకే వెళ్లండి. ఆ నాలుగింటిలో లోపలి రెండూ గ్రౌండే అయితే మరీ మంచిది. 3.3 వోల్టులని వెడల్పాటి ట్రాకులతో పైనుంచే పంచవచ్చు. సిగ్నల్ ఒక వైపు నుంచి రెండో వైపుకి దిగే ప్రతి వయా (పొరల్ని కలిపే రాగి పూత రంధ్రం) పక్కనా ఒక గ్రౌండ్ వయా పెట్టడం మర్చిపోకండి. సిగ్నల్ దిగితే దాని తిరుగు కరెంటు కూడా దిగాలి, దానికీ మెట్లు కావాలి.

పాజిటివ్ పోతా, నెగెటివ్ ప్లేనా?

సాఫ్ట్‌వేర్‌లో ప్లేన్ చేసే పద్ధతులు రెండు. ఒకటి పాజిటివ్: హద్దు గీసి గ్రౌండ్ పేరు పెడితే, మిగతా ట్రాకులకి ఎడం వదిలి లోపల రాగి నిండుతుంది. మీరు చూసే ఎరుపో నీలమో నిజంగా రాగే. బోర్డు గీసే సాఫ్ట్‌వేర్లలో ఈ హద్దునే కీక్యాడ్ జోన్ అంటుంది, ఈగిల్ పాలిగన్ అంటుంది, ఆల్టియమ్ పాలిగన్ పోర్ అంటుంది, ఈజీఈడీఏ కాపర్ ఏరియా అంటుంది. రెండోది నెగెటివ్: లేయరంతా ముందే రాగి అనుకుని, ఎక్కడ రాగి వద్దో అది మాత్రం గీస్తారు. తెర మీద గీత కనబడితే అక్కడ రాగి లేనట్టు.

నెగెటివ్ పద్ధతి పాత ఫోటోప్లాటర్ల కాలంది. కాంతి చుక్కని పెన్నులా నడిపి ఫిల్మ్ మీద గీసే ఆ యంత్రంతో లేయరంతా నింపాలంటే గంటలు పట్టేది. ఖాళీలు మాత్రం గీస్తే నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు ఆ బాధ లేదు. అయినా ఆల్టియమ్‌లో ఇంటర్నల్ ప్లేన్ అన్న పేరుతో ఈ పద్ధతి బతికే ఉంది, దానికో లాభం కూడా ఉంది: వేల వయాలున్న పెద్ద బోర్డులో ఒక భాగం జరిపినప్పుడల్లా మళ్లీ నింపుకునే పని ఉండదు. నష్టం ఏమిటంటే కన్ను మోసపోతుంది. వయాల చుట్టూ ఉన్న ఖాళీ గుండ్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ప్లేన్ రెండుగా తెగినా, తెర మీద అందమైన పూసల దండలా కనబడుతుంది. పైగా ఆ లేయర్‌లో ఒక్క చిన్న ట్రాకు నడపాలన్నా కుదరదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పాజిటివ్ తప్ప రెండో మాట చెప్పను. ఎనిమిది, పది లేయర్ల బోర్డులు రోజూ చేసేవాళ్లకి నెగెటివ్ అలవాటై ఉంటే మానమనీ చెప్పను.

నాలుగు సాఫ్ట్‌వేర్లు

కీక్యాడ్. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1992లో జాన్ పియెర్ షారాస్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. తర్వాత సెర్న్ పరిశోధన కేంద్రం చేయి వేసింది. బోర్డు సైజుకీ లేయర్లకీ ఉచితం పేరుతో కోత లేదు. జోన్ గీయడానికి కంట్రోల్, షిఫ్ట్, జెడ్ మీటలు; నింపడానికి బీ; ఖాళీ చేయడానికి కంట్రోల్, బీ. నాకు దీనిలో నచ్చేది ఒకటుంది: నిండని బోర్డుని పొరపాటున తయారీకి పంపకుండా రెండు చోట్ల అడ్డం పడుతుంది. డీఆర్సీ (డిజైన్ నియమాల తనిఖీ) నడిపేటప్పుడు ముందు జోన్లు నింపమని ఒక టిక్కు, గెర్బర్ (ఫ్యాక్టరీకి పంపే ఫైళ్లు) తీసేటప్పుడు నింపులు సరిచూడమని ఇంకో టిక్కు. రెండూ పెట్టే ఉంచండి. ఒకసారి నేను రిలే జరిపి, నింపకుండా, ఆ టిక్కు తీసేసి ఉన్న సంగతి చూడకుండా ఫైళ్లు పంపాను. పాత రాగి మీద కొత్త ప్యాడ్ (భాగం కాలు అతికే రాగి చోటు) పడి ఐదు బోర్డులూ షార్టే. కొత్త వెర్షన్లు ఇంకో మేలు చేస్తాయి: గ్రౌండ్ ప్యాడ్‌ని ప్లేన్‌కి కలిపే సన్నని రాగి చువ్వలు రావాల్సినన్ని రాకపోతే డీఆర్సీలో తప్పుగా చూపిస్తాయి. లోటు ఏమిటంటే, గ్రౌండ్ వయాలు వరసగా కుట్టుకుంటూ పోవాలంటే ప్లగిన్ వెతుక్కోవాలి, లేదా అర్రే తయారు చేసుకోవాలి.

ఆల్టియమ్ డిజైనర్. డబ్బు పెట్టే ఆఫీసుల్లో ఇదే ఎక్కువ. పాజిటివ్, నెగెటివ్ రెండూ ఉంటాయి, వయాలు కుట్టే పనిముట్టు లోపలే ఉంటుంది. ప్యాడ్ ఎలా కలవాలి, ఎంత ఎడం వదలాలి అన్నవి నియమాలుగా రాసుకోవచ్చు. ఈ చిప్‌కి ఇలా, ఆ కనెక్టర్‌కి అలా అని విడివిడిగా చెప్పే స్వేచ్ఛ ఇంకెక్కడా ఇంత హాయిగా ఉండదు. చిక్కు కూడా అక్కడే. కొత్తవాళ్లు పాలిగన్ నింపి, గ్రౌండ్ ట్రాకుల చుట్టూ కూడా ఖాళీ గీతలు చూసి బెంబేలెత్తుతారు. అదే నెట్‌కి (ఒకే పేరుతో కలిసి ఉండాల్సిన రాగికి) చెందిన వస్తువులన్నిటి మీదా పోయాలా వద్దా అన్న ఒక్క ఎంపిక మారిస్తే సర్దుకుంటుంది. ఇక్కడ కూడా మార్పు చేశాక మళ్లీ నింపడం మీ పనే. మారిన పాలిగన్ నింపకుండా ఉంటే డీఆర్సీ పట్టుకునే నియమం ఉంది, దాన్ని ఆపకండి.

ఈజీఈడీఏ. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. మొదటి బోర్డు చేసే ఇంజనీరింగ్ విద్యార్థికి ఇంతకన్నా తొందరగా పని తెమిలే దారి లేదు. గీసిన చోటే ఆర్డరు పెట్టేయొచ్చు. స్టాండర్డ్ ఎడిషన్‌లో కాపర్ ఏరియాకి 'ఈ' (E) మీట నొక్కాలి, మళ్లీ నింపడానికి షిఫ్ట్, బీ. దీవుల్లా మిగిలిన రాగి ఉంచాలా తీసేయాలా, ప్యాడ్ నేరుగా కలవాలా చువ్వలతో కలవాలా అన్న ముఖ్యమైన ఎంపికలన్నీ ఉన్నాయి. బోర్డు పెద్దదయ్యేకొద్దీ బ్రౌజర్ ఆయాసపడుతుంది, అప్పుడు వేరేదానికి మారాల్సిందే.

ఈగిల్. ఒక తరం అభిరుచిదారులంతా దీని మీదే నేర్చుకున్నారు. పాలిగన్ గీసి దానికి గ్రౌండ్ పేరు పెట్టి ర్యాట్స్‌నెస్ట్ అన్న ఆదేశం ఇస్తే నిండేది. ఫైల్ తెరిచినప్పుడు మాత్రం హద్దు గీత ఒక్కటే కనబడి, ప్లేన్ ఎగిరిపోయిందని గుండె గుభేలుమనేది. ఉచిత వెర్షన్‌లో రెండు లేయర్లు, 80 చదరపు సెంటీమీటర్లే. 2026 జూన్ 7తో దీన్ని ముగిస్తామని ఆటోడెస్క్ 2023లోనే ప్రకటించింది. కాబట్టి కొత్తగా ఇందులో అడుగు పెట్టడానికి ఏ కారణమూ లేదు. పాత ఫైళ్లుంటే కీక్యాడ్‌లోకి తెచ్చుకోవచ్చు.

నన్ను అడిగితే సొంత పనికి కీక్యాడే. ఆఫీసు ఆల్టియమ్ చేతికిస్తే కాదనకండి. రేపు ఉదయానికి బోర్డు ఆర్డరు పెట్టాలంటే ఈజీఈడీఏ. అయితే ఒక విషయంలో నాలుగూ ఒకటే: గ్రౌండ్ కాళ్లన్నీ కలిశాయా లేదా అన్నదే అవి ముఖ్యంగా చూస్తాయి, మధ్య దారి ఎలా ఉందన్నది మామూలుగా చూడవు. సగం బోర్డు మిగతా సగంతో 0.25 మిల్లీమీటర్ల సన్న మెడతో అతుక్కుని ఉన్నా డీఆర్సీ నవ్వుతూ పచ్చజెండా ఊపుతుంది.

అంకెలు మార్చాల్సిన చోటు

ఆ సన్న మెడ ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి తొలి బోర్డులోనూ ఉంటుంది. 2.54 మిల్లీమీటర్ల ఎడంతో ఉండే మామూలు పిన్ హెడర్ తీసుకోండి. కీక్యాడ్ లైబ్రరీలో దాని ప్యాడ్ 1.7 మిల్లీమీటర్లు. రెండు ప్యాడ్ల మధ్య మిగిలేది 0.84. జోన్ ఎడం అప్రమేయంగా వచ్చే 0.5 దగ్గర వదిలేస్తే, రెండు వైపులా కలిపి 1 మిల్లీమీటర్ కావాలి. ఉన్నదే 0.84. కాబట్టి పిన్నుల మధ్య రాగి దూరదు. 20 పిన్నుల హెడర్ బోర్డుకి అడ్డంగా ఉందంటే మీకు తెలియకుండానే ప్లేన్‌లో 5 సెంటీమీటర్ల కాలువ తవ్వేశారు. నేను రెండో బోర్డులో కష్టపడి చేసిన చీలిక ఇక్కడ ఉచితంగా వస్తుంది.

ఎడం 0.3కి తగ్గిస్తే మధ్యలో 0.24 మిగులుతుంది. జోన్ కనీస వెడల్పు 0.25 అని ఉంటే ఆ 0.01 తేడాకే మళ్లీ దూరదు. ఎడం 0.25 పెట్టండి, 0.34 వెడల్పున రాగి ప్రతి పిన్ను మధ్య నుంచీ సాగిపోతుంది. ఫ్యాక్టరీలో చేయించే బోర్డుకి 0.25 ఏ ఇబ్బందీ లేని ఎడం.

ఇంట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి చేసుకునే బోర్డుకి లెక్క వేరు. అక్కడ 0.25 ఎడం అతుక్కుపోతుంది, 0.5 ఉంచి పిన్ హెడర్‌ని అంచుకి జరపడమే మందు. లేజర్ ప్రింటుని వేడితో రాగి మీదికి దించే టోనర్ బదిలీలో పెద్ద నల్లటి మచ్చ సమంగా దిగదు కాబట్టి నిండు పోత కన్నా గళ్ల పోత మేలు. అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఏదో పేరుతో ఆ ఎంపిక ఉంటుంది. పోత ఏదైనా, రాగి ఎంత మిగిలితే ఫెర్రిక్ క్లోరైడ్ అంత ఆదా. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో భాగాలు కొని డిప్లొమా ల్యాబులో బోర్డు ఉడికించినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ బోర్డుకి గళ్లు వద్దు, నిండుగా పోయండి.

దీవుల సంగతి. చుట్టూ ట్రాకులు చేరి దేనికీ కలవకుండా మిగిలిపోయిన రాగి ముక్క యాంటెనాలా పని చేస్తుంది తప్ప ఎందుకూ పనికిరాదు. ఎప్పుడూ తీసేయమని పెట్టండి. రెండు లేయర్ల బోర్డులో పై వైపు కూడా గ్రౌండ్ పోయాలా అని చాలామంది అడుగుతారు. పోసినా నష్టం లేదు, వయాలతో కింది ప్లేన్‌కి గట్టిగా కుట్టగలిగితే. కుట్టకుండా పోసిన పై రాగి అలంకారమే. ఎంత దగ్గరగా కుట్టాలంటే, బోర్డు మీద పెద్ద వేగమేదో చూసి దాని తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం ఈ బోర్డు పదార్థంలో సుమారు 60 మిల్లీమీటర్లుంటుంది, అంటే 3 మిల్లీమీటర్లకో వయా. ఇది రేడియో భాగం చుట్టూ మాత్రమే. రిలే దగ్గర సెంటీమీటర్‌కి ఒకటి చాలు.

చువ్వలా, నిండు కలపడమా అన్నది చేతిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్‌ని బట్టి. పవర్ జాక్ గ్రౌండ్ కాలుని ప్లేన్‌కి నిండుగా కలిపి 25 వాట్ల ఐరన్ పెట్టి చూడండి, సీసం కరిగేలోపు టీ చల్లారిపోతుంది. ప్లేన్ వేడినంతా లాగేసుకుంటుంది. రంధ్రం ఉన్న కాళ్లకి చువ్వలు ఉంచండి. చిన్న సర్ఫేస్ మౌంట్ రెసిస్టర్లకి కూడా అంతే: ఒక చివర నిండుగా, మరో చివర సన్న ట్రాకుతో కలిస్తే కొలిమిలో ఒక పక్క ముందే కరిగి భాగం నిలువునా లేచి నిలబడుతుంది. నిండుగా కలపాల్సింది వేడి దించాల్సిన చోట. 12 వోల్టుల్ని 5గా మార్చే ఎల్ఎం2596 వెనక ఉండే పెద్ద లోహపు రేకు గ్రౌండే. దాని కింద నిండు రాగి, నాలుగైదు వయాలు. కీక్యాడ్‌లో జోన్ మొత్తానికి చువ్వలు పెట్టి, ఈ ఒక్క ప్యాడ్‌కి మాత్రం మార్చుకోవచ్చు.

ఆ ఎల్ఎం2596 గురించే ఇంకో మాట. అది 150 కిలోహెర్ట్జ్ వేగంతో కరెంటుని కోస్తూ ఉంటుంది. దాని ఇన్‌పుట్ కెపాసిటర్, డయోడ్, చిప్ గ్రౌండ్ ఈ మూడూ ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా, పై వైపు ఒకే రాగి ముక్క మీద పెట్టి, ఆ ముక్కని అక్కడికక్కడే వయాలతో కిందికి దించండి. మూడింటినీ మూడు మూలల్లో ప్లేన్‌కి దించితే, ఆ తునకల కరెంటంతా మీ సెన్సర్ కింద నుంచే ప్రయాణిస్తుంది. ప్లేన్ మంచిదే, అలాగని చెత్తంతా దాని మీదే పారబోయకూడదు.

రాగి ఉండకూడని చోట్లు

నా బోర్డులో రెండున్నాయి. రిలే కాంటాక్టులు, బల్బు టెర్మినల్ ఉన్న 230 వోల్టుల వైపు. ఈఎస్‌పీ32 యాంటెనా వైపు. యాంటెనా చుట్టూ 15 మిల్లీమీటర్ల మేర ఏమీ ఉంచొద్దని తయారీదారు ఎస్ప్రెస్సిఫ్ చెబుతుంది. బోర్డు చిన్నదైతే అది కుదరదు. అప్పుడు మాడ్యూల్‌ని అంచుకి జరిపి యాంటెనా ముక్క బోర్డు బయటికి వేలాడేలా పెట్టడమే తేలిక దారి.

ఈ ఖాళీల కోసం జోన్ హద్దుని వంకర్లు తిప్పుతూ గీసేవాళ్లున్నారు. వద్దు. హద్దు బోర్డంత దీర్ఘచతురస్రంగానే ఉంచి, ఖాళీ కావాల్సిన చోట విడిగా నిషేధ ప్రాంతం గీయండి. కీక్యాడ్‌లో దాని పేరు రూల్ ఏరియా. అన్ని లేయర్లకీ టిక్కు పెట్టి, రాగి నింపొద్దు, ట్రాకులొద్దు, వయాలొద్దు అని మూడూ చెప్పండి (230 వోల్టుల వైపు దాని సొంత ట్రాకులు నడిచే చోట మాత్రం ట్రాకుల టిక్కు వదిలేయాలి). రిలే జరిపితే ఆ ప్రాంతాన్నీ పట్టుకుని జరపొచ్చు, జోన్ హద్దుతో కుస్తీ ఉండదు. ఆప్టోకప్లర్ ఉంటే 230 వోల్టుల వైపు నిషేధం దాని కిందకి కూడా సాగాలి. రెండు లేయర్ల బోర్డులో పైన మాత్రం ఖాళీ చేసి కింద వదిలేయడం నేను చూసిన తప్పుల్లో భయంకరమైనది.

పాత ఈగిల్ ఫైల్ కీక్యాడ్‌లోకి తెచ్చేవాళ్లు ఒకటి గమనించాలి. రెండు పోతలు ఒకదాని మీద ఒకటి పడితే ఏది ముందు నిండాలో చెప్పే అంకె రెండింటిలో తలకిందులు. ఈగిల్‌లో ర్యాంక్ 1దే మొదటి వాటా, 6 చివరిది. కీక్యాడ్‌లో ఏది పెద్ద అంకె అయితే దానిది పైచేయి. గ్రౌండ్ మధ్యలో 5 వోల్టుల చిన్న ప్రాంతం ఉంటే, చిన్నదానికి పెద్ద అంకె ఉందో లేదో చూసుకుని బీ నొక్కండి. తర్వాత గెర్బర్ తీసి, డిజైన్ కిటికీలో కాకుండా గెర్బర్ వ్యూయర్‌లో గ్రౌండ్ లేయర్ ఒక్కటే తెరవండి. ఇల్లు అలకగానే పండగ కాదు. ట్రాకులూ పేర్లూ ఏమీ లేకుండా ఉత్త రాగి కనబడుతుంది. సెన్సర్ కాలు మీద వేలు పెట్టి పవర్ జాక్ దాకా రాగి మీదుగా నడిపించండి. ఎక్కడైనా చుట్టు తిరగాల్సి వస్తే, వెనక్కి వెళ్లి ఆ హెడర్ జరపండి.